చదువుకు గుడి కట్టిన నారాయణ గురువు

(రాత్రి బడి మొదలై ఆరు నెలలు నిండిన రోజున ఒక వలంటీరు టీచరు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినది మాట్లాడినట్టే ఇక్కడ అచ్చువేశాము.)

మన రాత్రి బడి పెట్టి ఈ రోజుకు ఆరు నెలలు. మొదటి రోజు పలక పట్టుకోవడానికి కూడా మీరు సిగ్గుపడ్డారు. "ఈ వయసులో మాకెందుకమ్మా చదువు?" అన్నారు. ఇప్పుడు బస్సు మీద రాసిన ఊరి పేరు మీరే చదువుకుంటున్నారు. రేషను కార్డులో పేరు తప్పు పడితే మీరే పట్టుకుంటున్నారు. వయసులో నేను మీ కూతురంత దాన్ని. మీరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

పోయిన వారం మన పెద్దమ్మ ఒకామె నన్ను నిలదీసింది. "ఏం టీచరమ్మా! ఎప్పుడు చూసినా చదువు చదువు అంటావు. దేవుడి మాట ఒక్కటైనా చెప్పవేం?" అంది. నిజమే అనిపించింది. అందుకే ఈ రోజు ఒక స్వామి కథ చెప్తాను. ఆయన దేవుడి మాట, చదువు మాట వేరు వేరుగా చెప్పలేదు. రెండూ ఒకటే అన్నాడు. ఆయన పేరు నారాయణ గురువు.

ఈ కథ చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివర చెప్తాను. అందాకా ఓపిగ్గా వినండి.

ఆయన పుట్టిన ఊరు

మన దేశానికి దక్షిణం కొసన, పడమటి సముద్రం ఒడ్డున కేరళ ఉంది. ఎటు చూసినా కొబ్బరి చెట్లు, వరి మళ్లు, వాగులు. ఆ రోజుల్లో దక్షిణ కేరళను తిరువాన్కూరు రాజులు ఏలేవారు. తిరువనంతపురం పట్నానికి దగ్గరలో చెంపళంతి అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్లో 1856లో నారాయణ గురువు పుట్టాడు. ఇంట్లో అందరూ నాణు అని పిలిచేవారు.

తండ్రి పేరు మాడన్ ఆశాన్. ఆశాన్ అంటే వాళ్ల భాషలో గురువు అని అర్థం. ఆయన సేద్యం చేసేవాడు, పిల్లలకు చదువు చెప్పేవాడు. సాయంత్రం పూట రామాయణ భారతాల కథలు చెబుతుంటే ఊళ్లో వాళ్లు చుట్టూ కూర్చుని వినేవారు. తల్లి కుట్టియమ్మ. మేనమామ ఆయుర్వేద వైద్యుడు.

వాళ్లది ఈళవ కులం. కొబ్బరి తోటల్లో పని చేయడం, కల్లు గీయడం, సేద్యం, నేత, వైద్యం వాళ్ల పనులు. మన దగ్గర గౌడలు, ఈడిగలు, శెట్టిబలిజలు కల్లు గీస్తారు కదా. అట్లాంటి వాళ్లే అనుకోండి.

ఆ రోజుల్లో కేరళలో కులం పట్టింపు ఎట్లా ఉండేదో వింటే ఒళ్లు జలదరిస్తుంది. ముట్టుకుంటే మైల. అంతటితో ఆగలేదు. దగ్గరకు వచ్చినా మైలే. పెద్ద కులం వాళ్లు ఎదురైతే ఫలానా కులం వాళ్లు ఇన్ని అడుగుల దూరం జరగాలి, ఫలానా కులం వాళ్లు ఇంకా ఎక్కువ దూరం జరగాలి అని లెక్కలుండేవి. ఈళవలకు పెద్ద గుళ్లలోకి ప్రవేశం లేదు. గుడి చుట్టూ ఉన్న రోడ్డు మీద నడవడానికి కూడా వీల్లేదు. సర్కారు కొలువులు లేవు. కొన్ని కులాల ఆడవాళ్లు రవిక తొడుక్కునే హక్కు కోసం కూడా ఏళ్ల తరబడి కొట్లాడవలసి వచ్చింది.

ఈళవల కంటే కింద అని చెప్పిన పులయలు, పరయలు ఇంకా ఘోరంగా బతికారు. వాళ్లను ఈళవలు కూడా దగ్గరకు రానిచ్చేవారు కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో మనకు పని ఉంది.

నాణు నుంచి గురువు దాకా

నాణు చిన్నప్పటి సంగతి ఒకటి అక్కడి వాళ్లు చెప్పుకుంటారు. పూజకు పెట్టిన పళ్లు, పిండివంటలు దేవుడికి చూపించకముందే ఈ పిల్లవాడు తినేసేవాడట. ఇదేమిట్రా అని అడిగితే, "నా కడుపు నిండితే దేవుడికీ సంతోషమే కదా" అనేవాడట. తక్కువ కులం వాళ్లని చెప్పి ఎవరినైనా దూరం పెడితే, పరుగెత్తుకుంటూ పోయి వాళ్లను ముట్టుకుని వచ్చేవాడట. ఆ చేత్తోనే ఇంట్లో వాళ్లనూ ముట్టుకునేవాడట.

తల్లి తొందరగా పోయింది. నాణు మేనమామల దగ్గర పెరిగాడు. పెద్దవాడయ్యాక కాయంకుళం వైపు వెళ్లి రామన్ పిళ్ల ఆశాన్ అనే పండితుడి దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. మళ్లీ సొంత ఊరికి వచ్చి పిల్లలకు చదువు చెప్పాడు. అందుకే ఆయన్ను నాణు ఆశాన్ అన్నారు. చూశారా! ఆయన మొదట స్వామి కాదు. బడి పంతులు.

ఇంట్లో వాళ్లు పెళ్లి చేశారు. కానీ ఆయన మనసు సంసారంలో నిలవలేదు. ఇల్లు విడిచి దేశం మీద పడ్డాడు. చట్టంబి స్వామి అనే మరో జ్ఞానితో స్నేహం కుదిరింది. ఊళ్లు తిరిగాడు. జాలర్ల ఇళ్లలో తిన్నాడు. ముస్లింల ఇళ్లలో తిన్నాడు. పేదవాళ్ల ఇళ్లలో పడుకున్నాడు. కన్యాకుమారి వైపు మరుత్వామల అనే కొండ ఉంది. ఆ కొండ గుహలో చాలాకాలం తపస్సు చేశాడు. ఆ తరువాత నెయ్యార్ నది ఒడ్డున అరువిప్పురం అనే చోటికి వచ్చాడు. అప్పుడది అడవి. జనం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. జబ్బు చేసిన వాళ్లకు మందు ఇచ్చేవాడు. దిగులుతో వచ్చిన వాళ్లకు ధైర్యం చెప్పేవాడు.

నదిలోని రాయి

1888లో శివరాత్రి వచ్చింది. జనం పోగయ్యారు. వాళ్లకు పెద్ద గుళ్లలోకి ప్రవేశం లేదు. మరి శివుణ్ణి ఎక్కడ చూడాలి?

ఆ రాత్రి గురువు నదిలో దిగి మునిగాడు. ఒక రాయితో పైకి వచ్చాడు. ఆ రాయిని గుండెకు హత్తుకుని చాలాసేపు నిలబడ్డాడట. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయట. తెల్లవారుజామున ఆ రాయిని ఒక బండ మీద నిలిపాడు. అదే శివుడు అన్నాడు.

అక్కలారా! మనకు ఇది చిన్న పనిగా కనిపించవచ్చు. మన ఊళ్లో చెట్టు కింద రాయి నిలిపి బొట్టు పెడితే ఎవరూ అడగరు. కానీ అక్కడ శివుణ్ణి ప్రతిష్ఠించే హక్కు బ్రాహ్మణులకే అని కట్టడి ఉండేది. అందుకని పెద్ద గొడవ లేచింది. "నువ్వెవరు శివుణ్ణి ప్రతిష్ఠించడానికి?" అని వచ్చి అడిగారు. గురువు కోపం తెచ్చుకోలేదు. వాదన పెట్టుకోలేదు. నేను ప్రతిష్ఠించింది ఈళవల శివుణ్ణి, మీ శివుణ్ణి కాదు కదా అని నెమ్మదిగా జవాబు చెప్పాడు. అడిగినవాళ్లకు మాట పెగల్లేదు. దేవుణ్ణి కులాల వారీగా పంచుకున్నది మీరే కదా అని అందులో చురక ఉంది.

ఆ గుడి దగ్గర ఒక పలక మీద గురువు తన ఉద్దేశం రాయించాడు. కులం తేడా, మతం మీద పగ లేకుండా అందరూ అన్నదమ్ముల్లాగా బతకడానికి ఈ చోటు నమూనాగా ఉండాలని దాని సారం. ఇది ఎవరి గుడి అని రాయించలేదు. మనిషి ఎట్లా బతకాలో రాయించాడు.

గుడి తరువాత బడి

అరువిప్పురం గుడి బాగోగులు చూడటానికి కొంతమంది కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి 1903లో శ్రీనారాయణ ధర్మ పరిపాలన యోగం అయింది. యోగం అంటే ఇక్కడ సంఘం అని అర్థం. గురువు అధ్యక్షుడు. కుమారన్ ఆశాన్ అనే కవి కార్యదర్శి. దీని వెనక నిలబడిన ఇంకో మనిషి డాక్టర్ పల్పు.

పల్పు సంగతి మీరు తప్పక వినాలి. ఆయన మద్రాసులో డాక్టరు చదువు చదివాడు. ఈళవ కులం వాడు అనే ఒక్క కారణంతో సొంత రాజ్యంలో ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన మైసూరు రాజ్యానికి పోయి ఉద్యోగం చేశాడు. బెంగళూరులో ప్లేగు జబ్బు వచ్చి జనం చచ్చిపోతుంటే ప్రాణానికి తెగించి వైద్యం చేశాడు. 1896లో పల్పు తిరువాన్కూరు రాజుకు ఒక అర్జీ పెట్టాడు. మా పిల్లలను సర్కారు బడుల్లో చేర్చుకోండి, సర్కారు ఉద్యోగాలు ఇవ్వండి అని అందులో అడిగారు. ఆ అర్జీ మీద 13 వేలకు పైగా ఈళవలు సంతకం చేశారు.

సంతకం విలువ మీకు చెప్పాలా? మొన్న బ్యాంకులో వేలిముద్ర డబ్బీ పక్కకు నెట్టి సంతకం పెట్టిన అక్కను అడగండి. ఆమె చెప్తుంది.

గురువు చాలా ఊళ్లలో గుడులు కట్టించాడు. కానీ ఊరికే కట్టించలేదు. కల్లు, సారాయి పోసి, కోళ్లను, మేకలను బలి ఇచ్చే చోట్ల ఆ పద్ధతి మాన్పించాడు. గుడి శుభ్రంగా ఉండాలి, చుట్టూ పూలతోట ఉండాలి, పుస్తకాలు ఉండాలి, మంచి మాటలు చెప్పే సభలు జరగాలి అన్నాడు. గుడికి వచ్చిన డబ్బు పేదవాళ్లకు పనికి రావాలి అన్నాడు.

1904లో వర్కల దగ్గర శివగిరి అనే గుట్ట మీద ఆశ్రమం పెట్టాడు. అక్కడ 1912లో శారదా దేవికి గుడి కట్టించాడు. శారద అంటే ఎవరు? మన సరస్వతే. చదువుల తల్లి. ఎనిమిది పలకల గుడి అది. చుట్టూ కిటికీలు. గాలి, వెలుతురు బాగా వస్తాయి. చదువు ఎట్లా ఉండాలో ఆ గుడి చూస్తేనే తెలుస్తుంది.

1917 నాటికి గురువు ఇంకో మెట్టు ఎక్కాడు. ఇక గుడులు కట్టడం చాలు, ఇకమీదట బడే ముఖ్యమైన గుడి కావాలి అని జనానికి చెప్పాడు. గుళ్లు కట్టించిన స్వామే ఆ మాట అన్నాడు. చదువుకుంటే వెలుగు వస్తుంది, సంఘంగా కలిస్తే బలం వస్తుంది అని ఆయన ఎప్పుడూ చెప్పే మాట.

పెళ్లి ఖర్చు, కల్లు ఖర్చు

గురువు ఇంటి ఖర్చు లెక్క కూడా చూశాడు. అప్పట్లో వాళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి కాకముందే తాళికట్టు కల్యాణం అని ఒక తంతు చేసేవారు. అది అసలు పెళ్లి కాదు. పేరుకే పెళ్లి. పెద్దమనిషి అయితే ఒక తంతు. కడుపుతో ఉంటే ఒక తంతు. ప్రతిదానికీ ఊరందరికీ విందు. అప్పు చేసి పందిరి వేసేవారు. పొలం తాకట్టు పెట్టి భోజనాలు పెట్టేవారు. ఈ తంతులు మానేయండి అన్నాడు గురువు. పెళ్లి కొద్దిమంది మధ్య, తక్కువ ఖర్చుతో చేయండి అన్నాడు. మిగిలిన డబ్బు పిల్లల చదువుకు పెట్టండి అన్నాడు.

అట్లాగే కల్లు. ఈళవలలో ఎంతోమందికి కల్లు గీతే బతుకు తెరువు. అయినా గురువు మొహమాట పడలేదు. తాగుడు విషం లాంటిది, దాన్ని తయారు చేయవద్దు, ఒకరికి పోయవద్దు, తాను తాగవద్దు అని గట్టిగా చెప్పాడు. మరి బతికేదెట్లా అని అడిగారట. నీ గీత కత్తిని నాలుగు ముక్కలు చేస్తే నాలుగు మంగలి కత్తులు అవుతాయి, ఆ పని చేసుకున్నా గౌరవంగా బతకవచ్చు అన్నాడట. ఏ పనీ తక్కువ కాదు, మనిషిని చెడగొట్టే పనే తక్కువ అని ఆయన ఉద్దేశం.

సొంతవాళ్లనే నిలదీసిన గురువు

ఇప్పుడు నేను గుర్తు పెట్టుకోమన్న మాటకు వస్తున్నాను.

యోగం పెద్దదైంది. పలుకుబడి వచ్చింది. అప్పుడు ఏమైంది? కొందరికి అది కుల సంఘం అయిపోయింది. మాకు పై కులం వాళ్లతో సమానం కావాలి, మా కింది వాళ్లకు మాతో సమానం అక్కరలేదు అన్న బుద్ధి వచ్చింది. గురువుకు ఇది నచ్చలేదు. తన పేరు మీద పెట్టిన సంఘంలోనే కులాభిమానం పెరుగుతోందని బాధపడ్డాడు. 1916లో డాక్టర్ పల్పుకు ఉత్తరం రాసి, యోగాన్ని మనసులో నుంచి ఎప్పుడో వదిలేశాను, ఇప్పుడు మాటలో నుంచి కూడా వదిలేస్తున్నాను అని తెలియజేశాడు. తాను కులాన్ని విడిచి ఏళ్లు గడిచాయని, తనను ఫలానా కులం వాడిగా చూడవద్దని అదే ఏడాది అందరికీ ప్రకటించాడు.

మరుసటి ఏడాది, 1917లో, చెరాయి అనే ఊళ్లో ఆయన శిష్యుడు అయ్యప్పన్ ఒక పని చేశాడు. ఈళవలను, పులయలను ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. ఊరు భగ్గుమంది. ఎవరు కోప్పడ్డారు? బ్రాహ్మణులు కాదు. సొంత ఈళవలే. అయ్యప్పన్‌కు పులయ అయ్యప్పన్ అని పేరు పెట్టి వెక్కిరించారు. ఆయన గురువు దగ్గరకు పోయాడు. గురువు వెనక్కు తగ్గమనలేదు. ఓర్పుతో ముందుకు పొమ్మని వెన్ను తట్టాడు. తరువాత అదే అయ్యప్పన్‌ను జనం సహోదరన్ అయ్యప్పన్ అన్నారు. సహోదరుడు అంటే తోడబుట్టినవాడు.

గురువు తన ఆశ్రమంలో పులయ, పరయ పిల్లలను చేర్చుకున్నాడు. వాళ్లు చదువుకున్నారు, వంట కూడా చేశారు. ఆ వంటే గురువు తిన్నాడు, వచ్చినవాళ్లకూ అదే పెట్టాడు.

ఇంకొకరి పేరు కూడా చెప్పాలి. పులయల్లో పుట్టిన అయ్యంకాళి. మా పిల్లలను బడిలో చేర్చుకోకపోతే మీ పొలాల్లో పనికి రాము అని ఆయన కూలీల చేత సమ్మె చేయించాడు. కూలి పెంచమని చేసే సమ్మె మనకు తెలుసు. చదువు కోసం చేసిన సమ్మె అది!

వైక్కం రోడ్డు

1924లో వైక్కం అనే ఊళ్లో సత్యాగ్రహం మొదలైంది. శివుడి గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద అందరినీ నడవనివ్వాలి అన్నదే కోరిక. గుళ్లోకి కూడా కాదు, ఉత్త రోడ్డు మీద నడవడానికి! టి.కె. మాధవన్ వంటి వాళ్లు ముందు నిలిచారు. గురువు వైక్కం దగ్గర ఉన్న తన మఠాన్ని సత్యాగ్రహులకు ఇచ్చాడు. వెయ్యి రూపాయలు విరాళం ఇచ్చాడు. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలు చాలా పెద్ద డబ్బు. తానే స్వయంగా వచ్చి చూశాడు. ఆ సత్యాగ్రహం 1925 దాకా సాగింది. చాలా రోడ్లు అందరికీ తెరిచారు. పదకొండేళ్ల తరువాత, 1936లో, తిరువాన్కూరు రాజు తన గుళ్లు హిందువులందరికీ తెరిచాడు.

1925లో గాంధీగారు శివగిరి వచ్చి గురువును కలిశారు. అప్పటి ముచ్చట ఒకటి చెప్పుకుంటారు. గాంధీగారు ముందున్న చెట్టును చూపించి, దీని ఆకులన్నీ ఒక్క తీరుగా లేవు కదా, మనుషుల్లో కూడా అట్లాగే తేడాలుంటాయి కదా అన్నారట. నిజమే, కానీ ఏ ఆకు నలిపినా రసం ఒకే రుచి అన్నాడట గురువు. గాంధీగారి కంటే ముందు 1922లో కవి రవీంద్రనాథ్ ఠాగూరు కూడా వచ్చి ఆయన్ను చూసి వెళ్లారు.

1924లోనే ఆలువ ఆశ్రమంలో గురువు అన్ని మతాల వాళ్లతో సభ పెట్టించాడు. ఇక్కడ కలిసింది వాదించి గెలవడానికి కాదు, తెలుసుకోవడానికి, తెలియజెప్పడానికి అని వాకిట్లో రాయించాడు. మనుషులంతా ఒకే జాతి, ఏ మతంలో ఉన్నా మనిషి బాగుపడితే చాలు అని ఆయన నమ్మకం.

రాయి, దీపం, అక్షరం, అద్దం

గురువు ప్రతిష్ఠలు వరసగా చూడండి. మొదట నదిలోని రాయి. తరువాత త్రిశూరు దగ్గర కారముక్కు అనే ఊళ్లో విగ్రహం బదులు ఒక దీపం పెట్టాడు. 1922లో మురుక్కుంపుళ అనే ఊళ్లో అక్షరాలనే ప్రతిష్ఠించాడు. ఓంకారం, దానితోపాటు సత్యం, ధర్మం, దయ, శాంతి అనే మాటలు. 1927లో కళవంకోడం అనే ఊళ్లో ఒక అద్దం పెట్టాడు. గుళ్లోకి పోయి దేవుణ్ణి చూద్దామని తొంగి చూస్తే అద్దంలో ఎవరు కనిపిస్తారు? మనమే కనిపిస్తాం. నీలో ఉన్న దేవుణ్ణి చూసుకో అని అర్థం. ముఖం మీద మసి ఉంటే అది కూడా కనిపిస్తుంది!

1928లో, ఇంకా బతికి ఉండగానే, శివగిరి యాత్రకు ఆయన అనుమతి ఇచ్చాడు. యాత్ర ఎందుకు చేయాలో కూడా చెప్పాడు. చదువు, శుభ్రత, దైవభక్తి, సంఘబలం, వ్యవసాయం, వ్యాపారం, చేతిపనులు, సాంకేతిక శిక్షణ. ఈ ఎనిమిది విషయాల మీద తెలిసినవాళ్లు మాట్లాడాలి, వచ్చినవాళ్లు వినాలి, ఇంటికి పోయి ఆచరించాలి. యాత్రకు పసుపు బట్టలు కట్టుకోవాలన్నారు. పట్టుబట్టలు కొంటారేమోనని గురువు ముందే ఆపాడు. మామూలు తెల్లబట్టను పసుపు నీళ్లలో ముంచితే చాలు, తరువాత ఉతుక్కుని మళ్లీ కట్టుకోవచ్చు అన్నాడు. పేదవాడి జేబు ఆయనకు అంత బాగా తెలుసు.

1928 సెప్టెంబరు 20న శివగిరిలో గురువు కన్నుమూశాడు.

ఆ విత్తనం ఏమైంది?

1990లో కేరళలోని ఎర్నాకుళం జిల్లా మన దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. గురువు సర్వమత సభ పెట్టిన ఆలువ ఆ జిల్లాలోనే ఉంది. 1991 ఏప్రిల్ 18న కోళికోడులో పెద్ద సభ జరిగింది. కేరళ అంతా అక్షరాస్యత సాధించిందని ఆ సభలో ప్రకటించింది మంత్రి కాదు. చేలక్కోడన్ ఆయిషా అనే ఆమె. ఆమె కూడా మీ మాదిరే పెద్ద వయసులో అక్షరాలు నేర్చుకున్న మనిషి.

ఇదంతా ఒక్క గురువు వల్లే జరిగిందని నేను అనను. అయ్యంకాళి లాంటి వాళ్లు, బడులు పెట్టిన మిషనరీలు, సర్కారు, గ్రంథాలయాల వాళ్లు, కూలీ సంఘాల వాళ్లు అందరూ చెయ్యి వేశారు. కానీ చదువు అందరి సొత్తు అన్న విత్తనం నాటినవాళ్లలో గురువు ముందున్నాడు.

మన తెలుగు నేల మీద కూడా ఇట్లాంటిది జరిగింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో మన లాంటి రాత్రి బడులే పెట్టారు. చదువు పుస్తకంలో సారాయి మీద సీతమ్మ కథ పాఠం ఉంది. దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్లు మా ఊళ్లో సారాయి అమ్మడానికి వీల్లేదని నిలబడ్డారు. ఆ మాట జిల్లా అంతా పాకింది, రాష్ట్రం అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాయి నిషేధించారు. నారాయణ గురువు పేరు ఆ ఆడవాళ్లలో ఎంతమంది విన్నారో గానీ, చదువు, సంఘం కలిస్తే ఏమవుతుందో వాళ్లు చేసి చూపించారు.

మన మంచినీళ్ల బిందె

ఇప్పుడు నేను ముందు చెప్పిన రెండో కారణం.

మన రాత్రి బడిలో ఒక బిందె ఉంది. దాని మీద స్టీలు గ్లాసు ఉంది. తలుపు దగ్గర, కిటికీలో, ఇంకో ప్లాస్టిక్ గ్లాసు ఉంది. అది ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఎవరి కోసం పెట్టారో నాకు తెలుసు. మీకూ తెలుసు. కాలనీ నుంచి వచ్చే మన అక్కచెల్లెళ్లు తలుపు పక్కనే కూర్చుంటారు. దాహం వేస్తే ఎవరైనా నీళ్లు పోస్తే ఆ గ్లాసులో తాగుతారు. బిందె ముట్టుకోరు.

నేను చేరిన రెండో వారమే ఇది చూశాను. చూసి ఊరుకున్నాను. ఏమైనా అంటే కొందరు బడికి రావడం మానేస్తారేమో అని భయపడ్డాను. ఇది నా తప్పు. టీచరు శిక్షణలో అందరు పిల్లలూ సమానం అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇక్కడికి వచ్చి ఆరు నెలలు నోరు మూసుకున్నాను. ఈ ప్రసంగం కోసం గురువు కథ మళ్లీ చదువుతుంటే, అద్దం దగ్గరకు వచ్చేసరికి నా ముఖమే నాకు కనిపించింది.

మనలో కూడా పెద్ద ఇళ్లలో వేరే గ్లాసులో టీ తాగినవాళ్లు ఉన్నారు. అప్పుడు మనసు ఎంత చివుక్కుమందో మీరే నాతో చెప్పారు. మరి మనం ఇంకొకరికి గ్లాసు వేరుగా పెడితే వాళ్ల మనసు చివుక్కుమనదా? గురువు సొంతవాళ్లను అడిగింది ఇదే. పైవాడితో సమానం కావాలన్నవాడు పక్కవాణ్ణి సమానంగా చూడాలి కదా?

ఆ గ్లాసు నేను ఈ సాయంత్రం తీసేశాను. రేపటి నుంచి ఒకే బిందె, ఒకే గ్లాసు. నీళ్లు వంతులవారీగా అందరం తెద్దాం. మొదటి వంతు నాది. రెండో వంతు కాలనీ అక్కలది. ఆ నీళ్లు నేను తాగుతాను. ఎవరికైనా ఇది కష్టంగా ఉంటే నాతో కోపంగా మాట్లాడండి, పోట్లాడండి. కానీ బడి మాత్రం మానవద్దు. గురువు కూడా తనతో వాదించడానికి వచ్చినవాళ్లను వెళ్లగొట్టలేదు.

ఈ రోజు పాఠం నాలుగు మాటలే. గురువు మురుక్కుంపుళలో ప్రతిష్ఠించిన మాటలు. సత్యం, ధర్మం, దయ, శాంతి. ఇందులో అన్నిటికంటే చిన్నది దయ. రెండే అక్షరాలు. రాయడం సులువు. చేయడమే కష్టం.

తలుపు దగ్గర కూర్చున్న అక్కా! నిన్ను పొద్దున ఇంటికి వచ్చి అడిగాను. నువ్వు సరే అన్నావు కాబట్టే ఇప్పుడు పిలుస్తున్నాను. ముందుకు రా. ఇదిగో సుద్దముక్క. బోర్డు మీద ఆ మాట నువ్వు రాయి. నీ చేతిరాత చూసి మేమందరం మా పలకల మీద రాసుకుంటాం.

చదివాక మాట్లాడుకుందాం

1. నారాయణ గురువు స్వామి కాకముందు ఏ పని చేశాడు?
2. గుళ్లు కట్టించిన గురువు ఇకమీదట బడే గుడి అని ఎందుకు అన్నాడు?
3. తన పేరు మీద ఉన్న సంఘాన్నే గురువు ఎందుకు వదిలాడు?
4. మీ ఊళ్లో, మీ ఇంట్లో రెండో గ్లాసు ఎక్కడైనా ఉందా? ఉంటే ఏం చేద్దాం?